కొండపల్లి కోటేశ్వరమ్మ: వేదిక దిగిన తర్వాత

(చొప్పదండిలో మహిళా కార్యకర్తలు, కళాజాత బృందాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొండపల్లి అన్న ఇంటిపేరు ఈ జిల్లాలో ఎవరికీ పరిచయం చెయ్యాల్సిన పని లేదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో జరిగిన జైత్రయాత్ర గురించి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. 1980లో పీపుల్స్‌వార్ పార్టీ ఏర్పడ్డాక కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో ఏం జరిగిందో మీలో కొందరు పుస్తకాల్లో చదవలేదు, కళ్ళారా చూశారు. ఆ పార్టీని పెట్టిన మనిషి కొండపల్లి సీతారామయ్య గారు. ఆయన్ని దేవుడన్నవాళ్ళూ ఉన్నారు, తప్పుపట్టినవాళ్ళూ ఉన్నారు. పేరు తెలియనివాళ్ళు మాత్రం లేరు. అదే ఇంటిపేరుతో నూరేళ్ళు బతికిన ఒక స్త్రీ ఉన్నారనీ, ఆమె నాటకాల్లో నటించారనీ, పాడారనీ, కథలూ కవిత్వమూ రాశారనీ మీలో ఎంతమందికి తెలుసు?

ప్రయోగాత్మక నాటకరంగంలో స్త్రీల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ప్రయోగం అనగానే మనకు రవీంద్రభారతో, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామానో గుర్తొస్తుంది. బ్రెహ్ట్ నాటకం, నల్లటి తెర, అర్థం కాని సంభాషణ, దాని మీద ఇంగ్లీషు పత్రికలో ఒక సమీక్ష. అదీ ప్రయోగమే, కాదనను. కానీ తెలుగు నేల మీద జరిగిన అతి పెద్ద రంగస్థల ప్రయోగం 1940లలో కోస్తా పల్లెల్లో, కిరసనాయిలు దీపాల కింద జరిగిందని నా అభిప్రాయం. దాన్ని చేసిన మగవాళ్ళకు ప్రయోక్తలు, నటులు, రచయితలు అని పేర్లున్నాయి. చేసిన ఆడవాళ్ళను మాత్రం ఫలానావారి భార్య అనో, ఫలానా కామ్రేడ్ చెల్లెలు అనో చెప్పుకుంటూ వచ్చాం. అందుకే ఇవాళ ఒక్క మనిషి గురించే మాట్లాడతాను.

కోటేశ్వరమ్మ గారు 1918 ఆగస్టు 5న కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. ఊహ తెలియకముందే పెళ్ళి చేశారు. ఊహ తెలిసేలోపే ఆమె వితంతువు. మొగుడి మొహం కూడా గుర్తుండని పిల్లకు జీవితాంతం వైధవ్యం రాసిపెట్టే ఆచారం అది. అయితే తల్లి అంజమ్మ గారు ఆమెను మూల కూర్చోబెట్టలేదు. చదువుకోనిచ్చారు, పాడుకోనిచ్చారు. జాతీయోద్యమ కాలం కనుక సభల్లో పాడటానికి మంచి గొంతున్న పిల్లలు కావాలి. ఆమె పాడారు. శుభకార్యంలో ఎదురు రాకూడదని లోకం తీర్మానించిన పిల్లను సభ మధ్యలో నిలబెట్టి పాడించారన్నమాట. ఆమె నటజీవితం నాటకంతో మొదలు కాలేదు, అక్కడ మొదలైంది. ఏ ఒంటిని లోకం కళ్ళు పడకుండా దాచమన్నారో ఆ ఒంటితోనే నలుగురి ముందుకూ రావటం.

తర్వాత సీతారామయ్య గారితో పెళ్ళి. వితంతు వివాహం. వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించి అప్పటికి యాభై ఏళ్ళు దాటింది. అయినా పల్లెల్లో అది ఇంకా యుద్ధమే. భార్యాభర్తలిద్దరూ కమ్యూనిస్టు పార్టీలో పనిచేశారు.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. అంతకుముందు తెలుగు నాటకం ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. లేకపోతే ఆమె చేసిన పని ఎంతటిదో తెలియదు. అప్పటికి మన వేదిక మీద అందరికంటే గొప్ప సత్యభామ ఒక పురుషుడు. స్థానం నరసింహారావు గారు. ఆయన ప్రతిభను తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు, అర్హుడే. కానీ ఆలోచించండి. స్త్రీ ఎలా నడవాలి, ఎలా అలగాలి, ఎలా సిగ్గుపడాలి అన్నది ఒక పురుషుడు చేసి చూపిస్తే, ఇళ్ళల్లో ఆడవాళ్ళు దాన్ని చూసి నేర్చుకునే పరిస్థితి. స్త్రీత్వం పుట్టుకతో వచ్చేది కాదు, నేర్పేది అని మేం తరగతిలో చెప్పటానికి నానా తంటాలు పడతాం. తెలుగు రంగస్థలం ఆ సంగతిని ఎప్పుడో రుజువు చేసి పెట్టింది.

స్త్రీలు అసలు వేదిక మీద లేరా అంటే, ఉన్నారు. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి సమాజాల్లో కుటుంబాలకు కుటుంబాలే నటించేవి. తల్లీ కూతురూ కోడలూ అందరూ. కళావంతుల కుటుంబాల స్త్రీలు నటించారు. కానీ వాళ్ళను సమాజం వేరే వరసలో కూర్చోబెట్టింది. సంసార స్త్రీ చూడవచ్చు, నటించకూడదు. నటించే స్త్రీ సంసారి కాదు. ఈ గీత చాలా గట్టిది. ఈ గీతకు ఇవతల పక్కనున్నామన్న ధీమాతోనే మన అమ్మమ్మలు తమ గౌరవాన్ని కొలుచుకున్నారు. అవతల పక్కనున్న స్త్రీల కష్టంలో మన గౌరవానికి ఎంత వాటా ఉందో లెక్క తీయటం స్త్రీవాద పరిశోధనలో ఈమధ్యనే మొదలైంది.

ప్రజానాట్యమండలి ఈ గీత మీద కాలు పెట్టింది. డాక్టర్ గరికపాటి రాజారావు గారి నాయకత్వంలో నాటకం నుంచి రాజులూ పద్యాలూ తప్పుకున్నాయి, రైతూ కూలీ వచ్చారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ముందడుగు జమీందారీ మీద నాటకం. 1947లో వచ్చిన మా భూమి తెలంగాణ రైతు పోరాటం మీద నాటకం. మా భూమిని వందకు పైగా దళాలు ఆడాయని చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తెలంగాణ రైతు కథను నైజాం రాజ్యంలో బహిరంగంగా ఆడే వీలు లేకపోతే, కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్ళు ఆడారు. మన గోసను వాళ్ళ యాసలో చెప్పారు. అది వేరే చర్చ, మధ్యాహ్నం ఎవరైనా లేవనెత్తితే సంతోషమే.

ఈ నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. అదీ పార్టీ కుటుంబాల ఆడవాళ్ళు, పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు, పరువు గల రైతు ఇళ్ళ కోడళ్ళు. కోటేశ్వరమ్మ గారు వాళ్ళలో ఒకరు. ఆమె సభల్లో పాడారు, నాటకాల్లో వేషాలు వేశారు. అదే కృష్ణా జిల్లాలో మోటూరి ఉదయం గారు బుర్రకథ దళం కట్టారు. బుర్రకథ అంటే అప్పటిదాకా మగవాళ్ళది. తంబుర పట్టుకుని అడుగులు వేస్తూ కథ చెప్పే ఒకరు, చెరో పక్క గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒక వంత రాజకీయం మాట్లాడాలి, ఇంకో వంత హాస్యం చెయ్యాలి. స్త్రీ వీరగాథ చెప్పటం ఒక ఎత్తు. స్త్రీ నలుగురిలో రాజకీయం మాట్లాడటం, పైగా హాస్యం చెయ్యటం మరో ఎత్తు. ఆడది నవ్వితేనే తప్పు. నవ్విస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. కమ్యూనిస్టు ఆడవాళ్ళ గురించి అప్పట్లో పుట్టించిన పుకార్లు, వాళ్ళ శీలం మీద వేసిన నిందలు ఆ తరం స్త్రీలు చెప్పిన జ్ఞాపకాల నిండా ఉన్నాయి. రాళ్ళు వేసేవాడికి నాటకం నచ్చకపోవటం కాదు కారణం. తన ఇంట్లో ఆడది కూడా రేపు అక్కడికి ఎక్కుతుందేమోనని భయం.

ఇక్కడ కథను కాస్త ఆపి ఒక మాట చెప్పాలి. చొప్పదండిలో నిలబడి ఇది చెప్పకపోతే నేను అబద్ధం ఆడినట్టే.

సంసార స్త్రీ వేదిక ఎక్కటం విప్లవం అని ఇప్పటిదాకా అన్నాను. మరి ఈ ప్రాంతంలో బుడిగె జంగాల ఇంటి స్త్రీ ఎప్పటి నుంచి వేదిక మీద ఉంది? శారద కథ చెప్పే మగవాడు శారద మీటుతూ కథ నడిపిస్తుంటే, పక్కన నిలబడి బుడిగె వాయిస్తూ వంత పాడేది అతని భార్య. తరతరాలుగా, ఊరూరా, చంకన బిడ్డతో. చిందు భాగవతంలో చిందు ఎల్లమ్మ గారి లాంటి స్త్రీలు రాత్రంతా ఆడారు. చిందు వాళ్ళ ఆడపిల్లలను కొందరిని జోగినులుగా మార్చిన వ్యవస్థ కూడా ఇక్కడిదే. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం తెచ్చినా ఊళ్ళల్లో పోవటానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ స్త్రీలను ఎవరూ ప్రయోక్తలు అనలేదు. వాళ్ళు గీత దాటలేదు కనుక. వాళ్ళను ముందే గీత అవతల పుట్టించారు కనుక. రైతు ఇంటి కోడలు గుమ్మెట పట్టుకుంటే చరిత్ర అయింది. జంగం ఇంటి కోడలు బుడిగె పట్టుకుంటే బిచ్చం అయింది. కోటేశ్వరమ్మ గారి ధైర్యం దీనివల్ల తగ్గదు. కానీ ప్రయోగం అన్న మాటకు కులం ఉందని మాత్రం మనం గుర్తుపెట్టుకుని మాట్లాడాలి.

మళ్ళీ ఆమె దగ్గరికి వద్దాం. 1948 నుంచి తీవ్ర నిర్బంధం. ఇటు తెలంగాణలోకి యూనియన్ సైన్యం వచ్చింది, అటు ఆంధ్ర ప్రాంతంలో మలబారు పోలీసులు దిగారు. దళాలు చెల్లాచెదురయ్యాయి. నాటకం ఆగిపోయింది. పార్టీ రహస్యంలోకి వెళ్ళింది. కోటేశ్వరమ్మ గారు కూడా వెళ్ళారు. ఇద్దరు పిల్లలు, కరుణ, చందు. వాళ్ళను ఎక్కువగా అమ్మమ్మే సాకింది.

రహస్య జీవితంలో డెన్ అంటే ఏమిటో మీలో కొందరికి తెలుసు. నలుగురు మగవాళ్ళు ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటే ఇరుగుపొరుగుకు అనుమానం వస్తుంది. అందులో ఒక ఆడమనిషి ఉండి, పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేసి, బావి దగ్గర నాలుగు మాటలు మాట్లాడితే అది సంసారం అవుతుంది. కనుక ప్రతి డెన్‌కూ ఒక గృహిణి కావాలి. ఊరు మారుతుంది, పేరు మారుతుంది, కులం మారుతుంది, వరసలు మారతాయి. ఇవాళ ఒకరికి అక్క, రేపు ఇంకొకరికి వదిన. మాట తడబడితే అందరి ప్రాణం పోతుంది. మా సమాజశాస్త్రంలో పాత్ర అన్న మాటను చాలా వాడతాం. నాటకం నుంచి అప్పు తెచ్చుకున్న మాట అది. కోటేశ్వరమ్మ గారి విషయంలో అప్పు తీరిపోయింది. వేదిక మీద ఆమె వేసిన వేషాలన్నిటికంటే పెద్ద వేషం, అన్నిటికంటే కష్టమైన వేషం, ఈ డెన్లలో వేసినదే. ప్రేక్షకులు లేరు, చప్పట్లు లేవు, తెర పడటం లేదు. ఆ వేషం పేరేమిటి? గృహిణి. వంట చెయ్యటం, అంట్లు తోమటం, కాపలా కాయటం. ఏ వంటిల్లు దాటి వేదిక మీదికి వచ్చారో ఆ వంటింటికే ఉద్యమం ఆమెను తిరిగి పంపింది. ఈసారి త్యాగం అన్న పేరుతో.

ఇది ఆమె ఒక్కరి కథ కాదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో తెచ్చిన మనకు తెలియని మన చరిత్ర చదవనివాళ్ళు దయచేసి చదవండి. తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు స్వయంగా చెప్పిన జీవితాలు అందులో ఉన్నాయి. కోటేశ్వరమ్మ గారూ, ఉదయం గారూ అందులో మాట్లాడారు. అడవిలో కన్న బిడ్డను ఇతరుల చేతుల్లో పెట్టి దళం వెంట నడవాల్సి వచ్చిన కమలమ్మ గారి మాటలు ఒకసారి చదివితే మర్చిపోలేరు. తుపాకీ పట్టాలనుకున్న స్త్రీలకు ఉద్యమం ఎందుకు వంట అప్పజెప్పిందన్న ప్రశ్నను ఆ పుస్తకం మొదటిసారి గట్టిగా అడిగింది. దానికి నేను ఒక్కటే చేరుస్తాను. నటించాలనుకున్న స్త్రీకి కూడా వంటే అప్పజెప్పింది.

దానికి ముందటి ఏళ్ళలో ప్రపంచంలో ఇంకో చోట ఇంకో నటి వంటింట్లో ఉంది. హెలెనె వైగెల్. బ్రెహ్ట్ భార్య. హిట్లర్ అధికారంలోకి రాగానే 1933లో దేశం వదిలారు. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, చివరకు అమెరికా. జర్మన్ భాషలో నటించే నటికి పరాయి భాషల దేశాల్లో పనేముంటుంది? పదిహేనేళ్ళలో ఆమె వేదిక ఎక్కింది వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగతా కాలమంతా వండి పెట్టారు, ఇల్లు నడిపారు, పిల్లల్ని పెంచారు. బ్రెహ్ట్ రాశాడు. యుద్ధం ముగిశాక 1949 జనవరిలో బెర్లిన్‌లో మదర్ కరేజ్ నాటకంలో తల్లి పాత్ర వేశారు. ఒక్కొక్కరుగా ముగ్గురు బిడ్డలనూ యుద్ధానికి పోగొట్టుకుని బండి లాక్కుంటూ పోయే తల్లి. ఆ పాత్రతో ప్రపంచ నాటక చరిత్రలో నిలిచిపోయారు. అదే ఏడాది బెర్లినర్ ఆన్సాంబుల్ అనే నాటక సంస్థ బాధ్యత ఆమెకు అప్పజెప్పారు. 1971లో చనిపోయేదాకా ఆమే దాని అధిపతి.

ఇద్దరికీ ప్రతిభ సమానమా కాదా అని నేను తూకం వెయ్యటం లేదు. వైగెల్ దగ్గర వృత్తి శిక్షణ ఉంది, వెనక నగర నాటకరంగం ఉంది. నేను చూస్తున్నది వేరే సంగతి. ఒకరు ప్రవాసం నుంచి, వంటింటి నుంచి తిరిగి వచ్చేసరికి ఒక వేదిక, ఒక సంస్థ, ప్రభుత్వ డబ్బు ఎదురుచూస్తున్నాయి. ఇంకొకరు తిరిగి వచ్చేసరికి మొగుడు కూడా లేడు.

1951లో పోరాట విరమణ జరిగింది. ఆ దశకంలోనే సీతారామయ్య గారు ఆమెను విడిచిపెట్టారు. ఆయన ఆ తర్వాత వరంగల్ వచ్చి హిందీ మాస్టరుగా పనిచేశారు, మళ్ళీ ఉద్యమం కట్టారు, నాయకుడయ్యారు. ఆ చరిత్ర మీకు తెలిసినదే. ప్రజానాట్యమండలి మగవాళ్ళలో చాలామందికి కూడా దారులు దొరికాయి. రాజారావు గారు 1953లో పుట్టిల్లు సినిమా తీశారు. మిక్కిలినేని గారు, అల్లు రామలింగయ్య గారు సినిమాల్లో పెద్ద నటులయ్యారు. అవి చిన్న ప్రయాణాలని కాదు, వాళ్ళూ కష్టాలు పడ్డారు. అయితే మండలిలో నేర్చిన విద్య వాళ్ళకు కూడు పెట్టింది. కోటేశ్వరమ్మ గారికి పెట్టలేదు. ముప్పై ఏళ్ళు దాటాక ఆమె హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభలో చేరి, తనకంటే ఎంతో చిన్నపిల్లల పక్కన కూర్చుని మెట్రిక్ చదివారు. ఆ తర్వాత కాకినాడలో ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం. ఎవరి దయా లేకుండా తన కూడు తాను సంపాదించుకున్నారు. రాయటం మానలేదు. అమ్మ చెప్పిన ఐదు గేయాలు, అశ్రు సమీక్షణం, సంఘమిత్ర కథలు ఆమె పుస్తకాలు.

మేట్రన్ ఉద్యోగాన్ని మనం చప్పున దాటేస్తాం. నటి జీవితంలో ఇదేం విశేషం అనిపిస్తుంది. నాకు మాత్రం ఇదే ముఖ్యంగా కనిపిస్తుంది. భర్త వదిలేసిన స్త్రీకి, చదువు మధ్యలో ఆగిన స్త్రీకి, పాట తప్ప చేతిలో పట్టా లేని స్త్రీకి మన సమాజం ఇచ్చే ఉద్యోగాలు ఎన్ని? ఆయా, మేట్రన్, వంటమనిషి, బాలసేవిక. మళ్ళీ సాకే పనే. ఆమె దాన్ని పరువుగా చేశారు. కానీ మంచి నటిని మనం ఎలా పోగొట్టుకుంటామో చూడండి. ఎవరూ నిషేధించనక్కర్లేదు, ఎవరూ కొట్టనక్కర్లేదు. నెల తిరిగేసరికి బియ్యం కొనాల్సి వస్తే చాలు.

తర్వాతి కథ చెప్పటం కష్టం. కొడుకు చందు వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతూ నక్సలైట్ ఉద్యమంలోకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. కూతురు కరుణ డాక్టరయింది. భర్త హఠాత్తుగా చనిపోయాక ఆ దుఃఖం తట్టుకోలేక తన ప్రాణం తానే తీసుకుంది. కన్నతల్లి పోయింది. కోటేశ్వరమ్మ గారు మిగిలారు, మనుమరాళ్ళతో. తల్లి పాత్రలు వేసే నటికి జీవితం ఇచ్చిన పాత్ర అని నాటకీయంగా చెప్పటం సులువు. నేను అలా చెప్పను. కరీంనగర్ జిల్లాలో కొడుకుల కోసం ఎదురుచూసి, శవాల కోసం పోలీస్ స్టేషన్ల చుట్టూ తిరిగిన తల్లులున్న సభలో అలంకారాలు పనికిరావు. ఆ తల్లుల్లో ఆమె ఒకరు. పీపుల్స్‌వార్ స్థాపకుడి భార్య కూడా మీలాగే ఎదురుచూసిందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆమె ఆత్మకథ నిర్జన వారధి 2012లో వచ్చింది. అప్పటికి ఆమె వయసు తొంభై నాలుగు. 2015లో జుబాన్ సంస్థ ద్వారా ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఆ పుస్తకం చదివినవాళ్ళలో చాలామంది ఏడ్చామని చెబుతారు. నేనైతే దాని నిగ్రహం చూసి ఆశ్చర్యపోయాను. ఎక్కడా కేకలు లేవు. పార్టీ మీద ద్వేషం లేదు, కానీ అడగాల్సిన ప్రశ్న ఏదీ వదల్లేదు. వదిలేసిన భర్త చివరి రోజుల్లో చూడాలని కబురు పెడితే, వెళ్ళాలా వద్దా అని ఆమె పడిన తర్జనభర్జన మనలో ప్రతి ఒక్కరూ చదవాలి. చివరకు వెళ్ళి చూశారు. క్షమించటం స్త్రీ ధర్మం అని పాఠం చెప్పటానికి ఆ ఘట్టాన్ని వాడుకునేవాళ్ళుంటారు. జాగ్రత్త. ఆమె వెళ్ళింది తన నిర్ణయం ప్రకారం, తన కాళ్ళ మీద. సీతారామయ్య గారు 2002 ఏప్రిల్‌లో చనిపోయారు. ఆమె ఆ తర్వాత పదహారేళ్ళు బతికారు. కొంతకాలం హైదరాబాదులో చండ్ర రాజేశ్వరరావు పేరుతో ఉన్న వృద్ధాశ్రమంలో ఉన్నారు, ఆ తర్వాత విశాఖపట్నంలో మనుమరాలి దగ్గర. 2018 ఆగస్టులో నూరేళ్ళు నిండాయి. సెప్టెంబర్ 19న కన్నుమూశారు.

ఆమె ఏ నాటకంలో ఎలా నటించారో చూసి చెప్పగలిగేవాళ్ళు ఇవాళ మన మధ్య లేరు. ఫలానా మగనటుడు ఫలానా దృశ్యంలో ఎలా నిలబడ్డాడో పేజీలకు పేజీలు రాసిన చరిత్రలు మనకున్నాయి. ఆమె పాత్రలకు సమీక్ష లేదు. జీవితం ఉంది, నటన రికార్డు కాలేదు. పరిశోధకురాలిగా నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే. ఎందుకంటే ఈ తప్పు ఇప్పుడు, ఇక్కడ కూడా జరుగుతోంది.

1972లో మొదలైన జననాట్యమండలి గొంగడీ, గజ్జె, పల్లె దరువుతో తెలుగు వేదిక రూపాన్నే మార్చేసింది. 2023లో గద్దర్ గారు పోయినప్పుడు ఆయన పాటల గురించి నెలల తరబడి రాశారు, రాయాలి కూడా. ఆ దళాల్లో ఆయన పక్కన ఆడి పాడిన స్త్రీల పేర్లు పది చెప్పమంటే ఈ సభలో ఎందరు చెప్పగలరు? తెలంగాణ కోసం పాడిన బెల్లి లలితను 1999లో చంపి ముక్కలు చేసి పారేశారు. పాడే ఆడదాని మీద ఉన్న కసి అంత దూరం వెళ్ళింది. చదువు ఉద్యమం, సారా వ్యతిరేక ఉద్యమం, ఎయిడ్స్ ప్రచారం, ఇప్పటి స్వచ్ఛంద సంస్థల కార్యక్రమాలు, అన్నిటికీ కళాజాతలు కావాలి. కళాజాతకు ఆడపిల్లలు కావాలి. ఎక్కువగా దళిత, బీసీ ఇళ్ళ పిల్లలే వస్తారు.

సంస్థలు నడిపే అక్కలను కొన్ని సంగతులు సూటిగా అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మీ బృందంలో ఆడపిల్లకూ మగపిల్లవాడికీ రోజు కూలి ఒకటేనా? రాత్రి ప్రదర్శన ముగిశాక ఆమె ఎక్కడ పడుకుంటుంది, పొద్దున కాలకృత్యాలకు ఎక్కడికి వెళుతుంది? బృందానికి వంట ఎవరు చేస్తున్నారు? మీ నివేదికలో ప్రదర్శనల సంఖ్య రాస్తారు, ప్రేక్షకుల సంఖ్య రాస్తారు. నటించిన పిల్ల పేరు రాస్తారా? ఆమె పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి తరఫువాళ్ళు, స్టేజీ మీద ఆడే పిల్లా అని అడిగితే, సంస్థ తరఫున ఆ ఇంటికి వెళ్ళి మాట్లాడింది ఎవరు? బృందంలో ఉన్న మగవాడే ఆమెను వేధిస్తే మీ దగ్గర కమిటీ ఉందా? పని స్థలంలో లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. రంగస్థలం కూడా పని స్థలమే. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లోపలి కమిటీ తప్పనిసరి. అంతకంటే చిన్న బృందమైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు చెయ్యవచ్చు. ఈ విషయం ఎంతమంది కళాకారిణులకు చెప్పారు?

భోజనాల తర్వాత అరగంట మనకు ఖాళీ ఉందని నిర్వాహకులు చెప్పారు. ప్రశ్నలు అప్పుడు అడగండి. దానితో పాటు ఇంకో పని పెట్టుకుందాం. చొప్పదండి, రామడుగు, గంగాధర చుట్టుపక్కల ఊళ్ళల్లో కళాజాతల్లో ఆడినవాళ్ళు, శారద కథ చెప్పినవాళ్ళు, చిందు ఆడినవాళ్ళు, పార్టీ పాటలు పాడినవాళ్ళు, మీకు తెలిసిన ఆడవాళ్ళ పేర్లు చెప్పండి. ఏ వేషం వేసేది, ఏ పాట పాడేది, ఎప్పుడు మానేసింది, ఎందుకు మానేసింది, ఇప్పుడు ఏం చేస్తోంది, ఇవి కూడా. ఒకరు చెబితే ఇంకొకరు రాయండి. రాయటం రానివాళ్ళు నా పక్కన కూర్చోండి, నేను రాస్తాను.